బాటకు పట్టాదారు ఎవరు?

హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పరిగి, కొడంగల్ వైపు పోయే బస్సు ఎక్కితే ఒక మాట పదేపదే వినిపిస్తుంది. ఫలానా ఊరి గేట్, ఇంకో ఊరి గేట్ అని పిలుస్తూ మనుషులను దించుతుంటారు. దిగి చూస్తే అక్కడ ఇనుప తలుపు ఏమీ ఉండదు. పెద్ద రోడ్డు నుంచి ఊరి రోడ్డు చీలే చోటును ఈ ప్రాంతంలో గేట్ అంటారు. ఒక చాయ్ హోటలు, ఒక చెట్టు, రెండు ఆటోలు ఉంటాయి. పగలూ రాత్రీ ఎవరైనా లోపలికి పోవచ్చు, బయటికి రావచ్చు. మా వాడుకలో గేట్ అంటే మూసేది కాదు, దారి మొదలయ్యే చోటు.

ఇప్పుడు అదే రోడ్డుకు రెండు పక్కలా ఇంకో రకం గేట్లు లేచాయి. కమాను, దాని మీద బంగారు రంగు అక్షరాలు, పక్కన చిన్న గది, గదిలో ఖాకీ బట్టల మనిషి, ఆయన ముందర ఒక రిజిస్టరు. ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు పదిహేను ఇరవై ఏళ్లలో వచ్చి కూర్చున్నాయి. ఈ రెండో గేటు వెనక ఒకప్పుడు బండ్లబాట ఉండేదేమో, దాని మీద ఎవరు నడిచేవారో, ఇప్పుడు వాళ్లు ఎటు నుంచి పోతున్నారో కమాను మీద రాసి ఉండదు.

మేము ఇక్కడ అడగదలిచింది కోర్టులో అడిగే ప్రశ్న కాదు, అంతకన్నా పాతది. భూమి కొన్నవాడు ఆ భూమి మీద నడిచే మనుషుల నడకను కూడా కొన్నట్టేనా? అమ్మినవాడికి దాన్ని అమ్మే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న మేము అడగడానికి కారణం ఉంది. మా లంబాడోళ్ల ఊరిని తండా అంటారు. తండా అనే మాటకు మొదటి అర్థం ఊరు కాదు, బిడారు. ఎద్దుల మీద గోనెలు వేసుకొని, పిల్లాజెల్లాతో నడిచిపోయే గుంపు. నడవడం ఆగిన తరువాత కూడా ఆ పేరే మిగిలింది. మా పెద్దలు దీన్ని లదేణి అంటారు. ఉప్పు, ధాన్యం ఒక సీమ నుంచి ఇంకో సీమకు మోసే పని అది. పదిహేడో శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే పదివేలు, పన్నెండువేల ఎద్దుల బిడారులు ఎదురొస్తే బండ్లు దారిలో ఆగిపోవలసి వచ్చేదని రాశాడు. అన్ని ఎద్దులు ఏటేటా నడిస్తే నేల మీద గుర్తు పడదా? దక్కనులో ఎన్నో బాటలు అట్లా డెక్కల కింద పడ్డవే. వాటిని ఎవరూ మంజూరు చేయలేదు, ఎవరూ టెండరు పిలవలేదు.

మాలో ఒక రాగి శాసనం కథ చెప్పుకుంటారు. మొఘల్ సైన్యం దక్కనుకు దిగినప్పుడు వెంట ధాన్యం మోసిన భంగి, జంగి అనే నాయకులకు ఒక సేనాని కొన్ని హక్కులు రాసిచ్చాడని. నీళ్లు దొరక్కపోతే ఏ ఇంటి కుండలోనైనా తీసుకోవచ్చు, గడ్డి దొరక్కపోతే కప్పు మీది గడ్డి పీకొచ్చు, సేనాని గుర్రాలు ఎక్కడ నిలిస్తే వీళ్ల ఎద్దులు కూడా అక్కడ నిలవచ్చు. కథలో నిజమెంతో చరిత్రకారులు తేల్చుకోనీ. మాకు అందులో ఆశ్చర్యం వేరే ఉంది. ఆ నాయకులు అడిగింది భూమి కాదు. ఎకరాలు రాయించుకోలేదు. దారి, నీళ్లు, గడ్డి అడిగారు. అప్పటికి అవే చాలనుకున్నారు.

రైలుబండ్లు, కంకర రోడ్లు వచ్చాక లదేణి చచ్చిపోయింది. దారుల మీద బతికినవాళ్లు దారుల మీద కనిపించడమే నేరమైంది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద ఎన్నో సంచార జాతులను పేర్లు రాసి, హాజరు వేసి, ఊరు దాటాలంటే చీటీ అడిగే పద్ధతి నడిచింది. మావాళ్లలోనూ కొందరు ఆ లెక్కలోకి ఎక్కారు. ఆ చట్టం రద్దయింది 1952లో. కమాను కింది రిజిస్టరు చూసినప్పుడు మాకు ఇది గుర్తుకొస్తే తప్పు మాది కాదు.

ఇక చేవెళ్ల, మొయినాబాద్ సంగతి. ఈ ప్రాంతం కథ నీళ్లతో మొదలవుతుంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచిన తరువాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయింది. ఆ చెరువుల నీళ్లు పాడు కాకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. చెరువులకు పది కిలోమీటర్ల లోపు 84 ఊర్లలో కట్టడాల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్ ఊర్లు చాలా, చేవెళ్ల ఊర్లు కొన్ని అందులో ఉన్నాయి. పట్నం తాగే నీళ్ల కోసం ఊరి భూమి ధర ఆగిపోయిందని రైతులు పాతికేళ్లు మొత్తుకున్నారు. ఆ మాటలో న్యాయం లేదని మేము అనం. పిల్ల పెండ్లికో ఆసుపత్రికో ఎకరం అమ్ముకోవలసి వచ్చినవాడికి చెరువు పవిత్రత గురించి చెప్పడం కడుపు నిండినవాడి పని.

అయితే జీవో ఆపింది అంతస్తులను, గోడలను కాదు. అపార్టుమెంట్లు రాకపోయినా ఫామ్‌హౌసులు వచ్చాయి. ఒక్కో ఫామ్‌హౌసుకు ఎకరమో, అయిదెకరాలో, చుట్టూ ప్రహరీ, లోపల మామిడి చెట్లు, ఈత కొలను. పొలం పొలంగా ఉన్నప్పుడు గట్టు మీద నడిచేవాళ్లం. కడీలు పాతి తీగ చుట్టినప్పుడు కూడా ఎక్కడో ఒకచోట వంగి దూరేవాళ్లం. ప్రహరీ లేచాక అదీ పోయింది. పట్నం ఇక్కడికి వీధులతో రాలేదు, గోడలతో వచ్చింది. తరువాత 2022లో ఆంక్షలు సడలించారు, 2023 మేలో జీవోను పూర్తిగా తీసేస్తామని మంత్రివర్గం చెప్పింది. ఆ పది కిలోమీటర్లకు అవతల చేవెళ్ల వైపు అప్పటికే వెంచర్లు పరుచుకుంటున్నాయి. గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు, గజాల లెక్కన విల్లాలు. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ మున్సిపాలిటీలయ్యాయి.

వెంచర్ బ్రోచరు తెరిచి చూడండి. రోడ్లు లేవని ఎవరూ అనలేరు. నలభై అడుగుల రోడ్లు, ముప్పై అడుగుల రోడ్లు, నున్నగా, చెట్లు నాటి ఉంటాయి. కానీ ఆ రోడ్లన్నీ ఒకదానితో ఒకటి లోపలే కలుస్తాయి. బయటి ప్రపంచంతో కలిసేది ఒక్క గేటు దగ్గర. పక్క వెంచరుదీ అదే తీరు. రెంటికీ మధ్య ఒకే గోడ, అందులో మనిషి పట్టే సందు కూడా లేదు. ఇట్లా పది వెంచర్లు వరుసగా వస్తే రోడ్ల పొడవు పెరుగుతుంది, దారులు మాత్రం తగ్గుతాయి. పాత బండ్లబాట మట్టిదే, వానాకాలం బురదే. కానీ అది ఊరి నుంచి చెరువుకు, చెరువు నుంచి పొలానికి, పొలం నుంచి తండాకు, తండా నుంచి ఇంకో ఊరికి పోయేది. ఒకటి మూసుకుంటే ఇంకొకటి ఉండేది.

లోకంలో దీన్ని కొలిచేవాళ్లు ఉన్నారని తెలిసి మాకు సంతోషమేసింది. క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే ఇద్దరు పరిశోధకులు వీధులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తాయో, ఎంత తెగిపోయి ఉంటాయో ప్రపంచమంతటా లెక్క కట్టారు. లెక్క మూలం తేలికే. ఒక కూడలిలో నిలబడితే ఎన్ని వైపులకు పోవచ్చు? నాలుగు దిక్కులా పోగలిగితే అది కలిసిన ఊరు. ఒక్క వైపే, వచ్చిన దారినే వెనక్కి పోవాలంటే అది తెగిన ఊరు. నేరుగా చూస్తే ఎంత దూరం, నడిస్తే ఎంత దూరం అని కూడా చూశారు. అమెరికాలో ఈ తెగిపోయిన వీధులు 1994 ప్రాంతంలో పతాక స్థాయికి చేరి తరువాత కొంచెం తగ్గాయట. చాలా దేశాల్లో మాత్రం 1975 నుంచి పెరుగుతూనే ఉన్నాయట. వాళ్ల మాటల్లో మాకు బాగా తగిలింది ఇంకొకటి. ఇల్లు కూలగొట్టి మళ్లీ కట్టొచ్చు. వీధి ఒకసారి పడితే, దాని వెంట పట్టాలు, పైపులు, గోడలు పడితే, తరతరాలు అట్లాగే ఉంటుంది. అంటే ఈ రోజు ఒక వెంచర్ గీత గీసినవాడు తన కొనుగోలుదారు కోసమే గీయడం లేదు. ఇంకా పుట్టని పిల్ల బడికి ఎటు నుంచి పోవాలో గీస్తున్నాడు. ఆ పిల్ల సంతకం ఎవరూ అడగరు.

ఒక లెక్క వేసి చూద్దాం. తండా నుంచి బడికి బండ్లబాట మీద అర కిలోమీటరు అనుకోండి. మధ్యలో ముప్పై ఎకరాల వెంచరు వచ్చి బాట లోపలికి పోయింది. ఇప్పుడు తండా రోడ్డు పట్టుకొని హైవేకు రావాలి, హైవే వెంట నడవాలి, మళ్లీ ఊరి గేట్ దగ్గర లోపలికి తిరగాలి. రెండు కిలోమీటర్లు, అందులో సగం టిప్పర్ల పక్కన. కారున్నవాడికి ఇది అయిదు నిమిషాల తేడా. నడిచే పదేళ్ల పిల్లకు, ముఖ్యంగా ఆడపిల్లకు, ఇది బడి మానేయడానికి సరిపోయే తేడా. గోడ కట్టినవాడు ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. ఆమె ఉందని కూడా ఆయనకు తెలియదు. అయినా హాని జరిగింది. తెలియక చేసిన హానికి బాధ్యత లేదంటారా? ఎకరం కోట్లు పెట్టి కొనేముందు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ల వెనక్కి తిరగేస్తారు. ఆ నేల మీద ఎవరు నడుస్తున్నారో ఒక్క పూట నిలబడి చూడలేరా?

మాకు ఎదురుగా ఒక గట్టి ప్రశ్న ఉంది. మావాళ్లలో చదువుకున్న పిల్లలే వేస్తారు. మన తండా కూడా ఒక్క దారి ఉన్నదే కదా, ఊరికి దూరంగా, గుట్ట పక్కన, కొత్తవాళ్లు రాకుండా ఉండాలనే కదా పెద్దలు కట్టుకున్నారు, గోర్ వేరు కోర్ వేరు అనుకొనే కదా బతికారు, మరి విల్లాలవాళ్లు తమవాళ్లతో తాము ఉంటామంటే తప్పేముంది అని.

ప్రశ్న సరైనదే. బయటివాళ్ల నుంచి కొంచెం ఎడంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. మేము అట్లానే మా బోలీని, మా తీజ్‌ను నిలుపుకున్నాం. కానీ తండా దగ్గర తారు రోడ్డు ఆగిపోయేది అవతల ఏమీ లేక, లేదా అవతలికి ప్రభుత్వం వేయక. తండాకు గోడ లేదు. తారు ఆగిన చోటు నుంచి కాలిబాటలు నాలుగు దిక్కులా పోతాయి, గుట్టకు, వాగుకు, పక్క తండాకు. గొర్లకాపరి మా ఇండ్ల మధ్య నుంచే మందను తోలుకుపోతాడు. వెంచరు దారి ఆగిపోయేది అవతల మనుషులు ఉండి కూడా. ఒకటి చివర ఉన్న ఇల్లు. ఇంకొకటి నడిమిట్లో కూర్చున్న ఇల్లు. చివర కూర్చున్నవాడు ఎవరికీ అడ్డు కాదు. నడిమిట్లో కూర్చున్నవాడు కాళ్లు ముడుచుకోవాలి.

భద్రత అంటారు. దొంగల భయం నిజమే, మా ఇండ్లలోనూ తాళాలున్నాయి. ఇంటికి తాళం వేయండి. వీధికి వేయడం ఎందుకని మా ప్రశ్న. మా తండాలోకి కొత్త మనిషి వస్తే మేమూ అడుగుతాం, ఎవరు, ఏ తండా, ఎవరింటికి అని. చెప్పగానే నీళ్లిచ్చి, పిల్లగాణ్ణి తోడిచ్చి దారి చూపిస్తాం. కమాను కింద కూడా అదే ప్రశ్న అడుగుతారు, ఎవరు, ఎవరింటికి అని. ఎవరింటికీ కాదు, అవతలికి పోవాలి అన్నామా, జవాబు లేదు. ఆ రిజిస్టరులో అవతలికి అనే గడి లేదు. మా ఆడవాళ్లు ఆ విల్లాలలో అంట్లు తోమడానికి, చెట్లకు నీళ్లు పోయడానికి పోతారు. పనిమనిషిగా లోపలికి పోవచ్చు, బాటసారిగా పోవడానికి లేదు. ఒకే మనిషి, ఒకే గేటు, పొద్దున తెరుచుకుంటుంది, సాయంత్రం చుట్టు తిరిగి పొమ్మంటుంది.

కాగితాల సంగతి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ధర్మం కాగితం లేకపోతే ఈ కాలంలో నిలబడదు. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. భూమి పేరు ఒకరిది, దాని మీద ఉండేది ఇంకొకరు అని సర్కారుకు కూడా తెలుసని ఆ గడి చెప్పేది. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ గడి తీసేశారు. ఉన్నప్పుడు కూడా అందులో దున్నేవాడి పేరే రాశారు, నడిచేవాడి పేరు రాయలేదు. నడక రాసుకున్నది ఒక్క ఊరి నక్షా మాత్రమే. అందులో బండ్లబాటలు గీతలుగా ఉంటాయి. నక్షాలో ఉన్న బాటను అమ్మే హక్కు ఎవరికీ లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా బాటలు ప్లాట్లలో కలిసిపోతూనే ఉన్నాయి. నక్షాకు ఎక్కని కాలిబాటల గతి ఇంకా కష్టం. ఇరవై ఏళ్లు ఎవరూ అడ్డుపెట్టకుండా, దొంగచాటుగా కాకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద హక్కు పుడుతుందని మన చట్టం ఒప్పుకుంటుంది. కానీ రుజువు చేయవలసింది నడిచినవాడు. కాళ్లకు రసీదు ఎవరిస్తారు? 2012 నాటి 168 నంబరు జీవో, పెద్ద గ్రూపు నిర్మాణాలకు అనుమతిచ్చేటప్పుడు లోపలి భూములకు దారి దొరికేలా ఒక పక్కన తొమ్మిది మీటర్ల ప్రజా రోడ్డు వదలాలని చెప్పింది. అంటే ఈ ధర్మం సర్కారుకు తెలియనిది కాదు.

ఇంగ్లండులో ఒకప్పుడు ఇదే జరిగింది. ఉమ్మడి భూములకు కంచెలు వేసి, బాటలు మూసి, జనాన్ని నెట్టేశారు. కొట్లాడగా కొట్లాడగా 1949లో ఒక చట్టం వచ్చింది. ఊరూరా కాలిబాటలను పటం మీద గీయాలని చెప్పింది. ఇప్పుడు అక్కడ పొలం ఒకరిది అయినా, దాని మీద గీసిన కాలిబాట మీద ఎవరైనా నడవొచ్చు. పంట ఆయనదే, గొర్రెలు ఆయనవే, దారి మాత్రం నడిచేవాళ్లది. మమ్మల్ని సంచారులంటూ పేర్లు రాసుకున్న దేశమే తన నేల మీద సంచారానికి పటం గీసుకుంది.

పెద్ద రోడ్డు గురించి రెండు మాటలు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు పక్కన దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేస్తారని తెలిసి చెట్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. మంచి పని చేశారు. ఆ నీడ కింద మా తాతలు ఎద్దులు విప్పారు. అట్లాగే ఈ రోడ్డు వెడల్పు కావాలని ఊర్లు అడిగిన మాటా నిజమే. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్ది అంతమంది చనిపోయిన తరువాత ఆ రోడ్డు ఇట్లాగే ఉండాలని ఎవరం అనగలం? కానీ రోడ్డు వెడల్పయితే మధ్యలో డివైడరు వస్తుంది. డివైడరు వస్తే ఇవతలి పొలం నుంచి అవతలి బాయికి పోవడానికి యూటర్ను వెతుక్కోవాలి. దూరం పోయేవాడికి దారి దగ్గరవుతుంది, పక్కనున్నవాడికి దూరమవుతుంది. ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా చేసింది ఇదే, రేపు రీజినల్ రింగు రోడ్డు చేయబోయేదీ ఇదే. చెట్టు కొట్టేస్తే మోడు కనిపిస్తుంది, నలుగురు ఆగి చూస్తారు. బాట పోతే ఏమీ కనిపించదు. గడ్డి మొలుస్తుంది, గోడ మీద కాగితపు పూలు పూస్తాయి, చూడ్డానికి అందంగానే ఉంటుంది.

రెండు మున్సిపాలిటీలూ కొత్తవి. వాటి పటాలు ఇంకా తడి ఆరలేదు. పక్కా రోడ్డు కావాలని వార్డు సభలో అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లను అడగనివ్వండి. మా తండాల పిల్లలకు మేము చెప్పేది వేరే పని. పాత నక్షా నకలు తీసుకోండి. ముసలివాళ్లను వెంటబెట్టుకొని ఒక్కో బాట మీద నడవండి. ఫోనులో గీత పడుతుంది, ఆ గీతను నక్షా మీద పెట్టి చూడండి. గొర్లకాపరిని అడగండి, తెల్లవారుజామున కూరగాయల గంప ఎత్తుకొని మొదటి బస్సుకు పోయే అక్కను అడగండి. బడి బాట, చెరువు బాట, సీత్లా పండుగకు పశువులను తోలే బాట వాళ్లే చెప్తారు. ముందుగా మాత్రం శ్మశానానికి పోయే దారి గీయండి. దాని మీద రోజూ ఎవరూ నడవరు, అందుకే అన్నిటికన్నా ముందు అదే మూసుకుపోతుంది. గోడ లేచిన సంగతి తండాకు తెలిసేది పాడె లేపిన రోజున.